కాళ్లు ముడిచి పంపిన విమానం



దూరాన ఉన్న బిడ్డకు ఆవకాయ సీసా అయినా, సున్నుండల డబ్బా అయినా కట్టి పంపని తల్లి మన పల్లెల్లో అరుదు. కట్టేటప్పుడు ఎంత ప్రేమ ఉన్నా, కట్టే విధానం తెలియకపోతే అక్కడికి చేరేది నూనె కారిన గుడ్డ, నలిగిన పిండి మాత్రమే. ఈ సంగతి నాకు బాగా తెలుసుననుకునేవాణ్ణి. తెలియదని ఒక చిన్న విమానం నేర్పింది. నా మాట వలన ఒక ఇంటికి కలిగిన నష్టాన్ని, ఆ నష్టాన్ని సరిచేసిన ఒక హమాలీ తెలివిని మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది ఆలమూరు మండలం జొన్నాడ. గౌతమి గోదావరి ఒడ్డున 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. వంతెన దాటితే రావులపాలెం. అక్కడి అరటిపండ్ల మార్కెట్టు పేరు విననివారు ఈ జిల్లాలో ఉండరు. మా సంఘస్థుడొకరు ఇరవై ఏళ్లకు పైగా ఆ మార్కెట్టులోనే హమాలీ. తెల్లవారకముందే వంతెన దాటి వెళ్లి, గెలలు దింపి, లారీలకెత్తి, మధ్యాహ్నానికి ఇంటికి వస్తారు. ఆయన కుమారుడు పాలిటెక్నిక్ కళాశాలలో మెకానికల్ డిప్లొమా చదువుతున్నాడు. విమానమంటే ఆ యౌవనస్థునికి పిచ్చి. మధురపూడి విమానాశ్రయంలో దిగే విమానాలను చూడటానికి చిన్నప్పుడు సైకిలు మీద వెళ్లి, చీకటిపడ్డాక తిరిగివచ్చి తండ్రిచేత దెబ్బలు తిన్నవాడు.

2023 వేసవి సెలవుల్లో అతడు ఒక విమానం నమూనా తయారుచేశాడు. ఒక రెక్క కొస నుండి రెండవ రెక్క కొసకు 5 అడుగులు. బరువు రెండున్నర కిలోలు. బాల్సా అనే అతి తేలికైన కర్రతో, పల్చని ప్లైవుడ్డుతో ఎముకల గూడులాగా కట్టి, పైన రంగు ఫిల్మును ఇస్త్రీపెట్టెతో అతికించాడు. చేతిలోని రిమోటుతో ఎగురుతుంది. దానిలో విశేషమేమంటే, నేల విడిచిన తరువాత చక్రాలు కడుపులోకి ముడుచుకుంటాయి. దిగేముందు మరల బయటకు వస్తాయి.

పూణేలో ఇటువంటి వాటిమీద మక్కువ ఉన్న ఒక పెద్దమనిషి దాని వీడియో చూసి, 22,000 రూపాయలకు కొంటానన్నాడు. సగం ముందే పంపాడు. మిగిలిన సగం విమానం క్షేమంగా చేరాక ఇస్తానన్నాడు. అబ్బాయి కళాశాల ఫీజు రెండు విడతలు బాకీ ఉంది. ఆ డబ్బు వస్తే బాకీ తీరుతుంది. రాకపోతే చదువు మాని, మేనమామతో కువైట్ వెళ్లిపోతానని తల్లితో చెప్పాడట. తండ్రి మాత్రం, "చదువుకోమని పంపితే బొమ్మలు చేసుకుంటన్నాడండి అయ్యగారూ" అని నా దగ్గర వాపోయేవారు.

నేను చేసిన తప్పు

పెట్టె కట్టే రోజున అబ్బాయి నన్ను పిలిచాడు. మందిరం వరండాలో ఇద్దరమూ కూర్చున్నాము. రెండు రెక్కల చివరి భాగాలు ఊడదీస్తే వస్తాయి. మధ్యభాగం విమానం ఒంటితోనే ఉంటుంది. దాని కిందనే రెండు పెద్ద చక్రాలు, ముక్కు కింద ఒక చిన్న చక్రం.

"అయ్యగారండీ, చక్రాలు ముడిచి పెట్టమంటారా, దింపి పెట్టమంటారా?" అని అడిగాడు.

నేను ఆలోచించకుండా, "ఏ వస్తువైనా తన కాళ్లమీద నిలబడితేనే కదా క్షేమం! దింపే పెట్టు నాయనా" అన్నాను. చక్రాల మీద నిలబెట్టి, చుట్టూ పాత దినపత్రికలు ఉండలుచేసి కూరి, పైన మూత బిగించాము. పెట్టెమీద పెద్ద అక్షరాలతో 'జాగ్రత్త' అని నేనే వ్రాశాను.

పదిరోజులకు పూణే నుండి వాట్సాపులో ఫోటోలు వచ్చాయి. కుడి చక్రం రెక్కలోనుండి పైకి పొడుచుకొని వచ్చింది. కాలిని బిగించిన ప్లైవుడ్ పలక పగిలింది. ముక్కు కాలు వెనక్కు వంగిపోయింది. పత్రికల ఉండలన్నీ నలిగి అడుగుకు చేరాయి. విమానం పెట్టెలో ఇటూ అటూ కొట్టుకొని తోక కూడా చీలింది. ఆయన మంచివాడు గనుక నిష్ఠూరమాడలేదు. బాగుచేసి పంపితే తీసుకుంటానని తిరిగి పంపించాడు.

ఆ పెట్టె వచ్చిన సాయంకాలం నేను వారి ఇంటికి వెళ్లాను. తండ్రి పెట్టెలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా నూతి దగ్గరకు వెళ్లి కాళ్లు కడుక్కున్నారు. తిట్టినా నాకు అంత బాధ కలిగేది కాదు.

కాలు ఎందుకు విరిగింది?

మన గోదావరి లంకల్లో కొంగను చూడండి. ఎగిరేటప్పుడు పొడవైన కాళ్లను వెనక్కు చాపుకుంటుంది. గ్రద్ద అయితే కాళ్లను పొట్టకింద ముడుచుకుంటుంది. నేలమీద అవసరమైన కాళ్లు గాలిలో అడ్డమే. మొదట్లో విమానాల చక్రాలు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేవి. వేగం పెరిగేకొద్దీ వాటికి తగిలే గాలి పెద్ద భారమైంది. అందుచేత ముడుచుకునే కాళ్లు వచ్చాయి. 1935లో మొదటిసారి ఎగిరిన డీసీ-3 అనే ప్రసిద్ధ విమానంలో, ముడిచిన తరువాత కూడా చక్రాలు కొంచెం బయటకు కనబడతాయి.

నమూనా విమానంలోనూ ఏర్పాటు ఇదే. ప్రతి కాలికీ పైన అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఒక పెట్టె ఉంటుంది. దానిలో చిన్న మోటారు, మరచుట్ల కడ్డీ ఉంటాయి. మోటారు తిరిగితే కడ్డీ తిరిగి, కాలు బందు మీద తలుపులాగా పడుకుంటుంది, లేస్తుంది. ఆ పెట్టెను నాలుగు స్క్రూలతో రెక్కలోని ప్లైవుడ్ పలకకు బిగిస్తారు. విమానం దిగేటప్పుడు బరువు నేల నుండి నిటారుగా పైకి వస్తుంది. ఆ దెబ్బకు తట్టుకునేలా కాలిని తయారుచేస్తారు. ఆ దెబ్బ కూడా ఒక్క క్షణమే.

లారీలో జరిగేది వేరు. పెట్టెను పక్కకు పడవేస్తారు, తలకిందులు చేస్తారు, దానిమీద వేరే మూటలు పెడతారు. అప్పుడు బలం కాలికి అడ్డంగా తగులుతుంది. కాలు పొడవు 12 సెంటీమీటర్లు, స్క్రూల మధ్య దూరం ఒకటిన్నర సెంటీమీటర్లు అనుకోండి. చక్రం దగ్గర పక్కనుండి ఒక కిలో బలం తగిలితే, స్క్రూల దగ్గర ఎనిమిది కిలోల బలం లాగుతుంది. మేకులు పీకే బారు పనిచేసేది ఇలాగే. అనగా మేము విమానాన్ని దాని కాళ్లమీద నిలబెట్టలేదు. కాళ్లను పీకే మూడు బారులను దానికే తగిలించి, వందల మైళ్ల రోడ్డుమీద పంపాము.

హమాలీ చెప్పిన మాట

అబ్బాయి మూడు వారాలు రాత్రులు కూర్చొని బాగుచేశాడు. పగిలిన పలక తీసివేసి, కొత్త పలకను ఎపాక్సీ జిగురుతో అతికించి, నాలుగు మూలలా గట్టి కర్రముక్కలు ఆనించాడు. మరల పెట్టె కట్టే దినం వచ్చింది. ఈసారి నేను నోరు మెదపలేదు. తండ్రి మార్కెట్టు నుండి వచ్చి, తలపాగా తీసి, గుమ్మంలో కూర్చొని కొంతసేపు మమ్మల్ని చూశారు. తరువాత నెమ్మదిగా అన్నారు:

"అయ్యగారూ, నేను చదువుకోలేదు గాని ఒకటి చెబుతానండి. అరటిపండు దెబ్బకి చెడేది తక్కువండి. ఒరుపుకే ఎక్కువ చెడుద్ది. ఒక గెల ఇంకో గెలకి రాసుకుంటా పోతే, దిగేసరికి నల్లగా కమిలిపోద్దండి. అందుకే మజ్జన ఆకు పరుస్తాం. ఇంకోటండి, గెలని కాడ మీద నిలబెట్టి ఎవడూ లోడెత్తడు. కాడ పట్టుకోటానికే, బరువు మొయ్యటానికి కాదు."

అబ్బాయి తండ్రివైపు చూశాడు. "ఇది కూడా అంతేనా నాన్నా?" అన్నాడు.

"ఆ కాళ్లు దీనికి కాడలేరా. ముడిచెయ్యి. బరువు ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ ఆనించు."

ఇరవై ఏళ్లుగా సరుకు చెడకుండా పంపే విద్య ఆ ఇంటిలోనే ఉంది. కొడుకు అడగలేదు, తండ్రి చెప్పలేదు, మధ్యలో నేను దూరి సలహా ఇచ్చాను. ఆ సాయంకాలం తండ్రీ కొడుకులు చేసిన పనిని వరుసగా చెబుతాను. విమానమే కాదు, కుట్టుమిషను, ఫ్యాను, హార్మోనియం వంటి కదిలే భాగాలున్న ఏ వస్తువు పంపేవారికైనా ఇది ఉపయోగపడుతుంది.

పెట్టె కట్టిన విధం

మొదట, బ్యాటరీ ఉండగానే రిమోటుతో కాళ్లను పూర్తిగా ముడిచి, అవి ఆగిన తరువాత బ్యాటరీ తీసివేశారు. మోటారుతో పనిచేసే కాళ్లను చేతితో బలవంతంగా ముడవకూడదు. లోపలి పండ్లచక్రాలు అరిగిపోతాయి. కొన్ని నమూనాల్లో కాళ్లు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. దారిలో గాలి తగ్గితే అవి జారి వేలాడవచ్చు గనుక, వాటిని మెత్తని నాడాతో కట్టవలసి ఉంటుంది.

రెండవది, ముడిచిన చక్రానికీ, అది కూర్చునే గుంటకూ మధ్య వేలెడు మందం స్పాంజి ముక్క పెట్టారు. చక్రం కదలదు, ఫిల్ముకు రాసుకోదు. గుంటమీది చిన్న తలుపులను పెయింటర్లు వాడే కాగితపు టేపుతో అంటించారు. మామూలు సెల్లో టేపు వేస్తే తీసేటప్పుడు రంగు ఫిల్ము కూడా ఊడివస్తుంది. ముక్కు చక్రాన్ని తిప్పే సన్నని కడ్డీని విప్పి, పక్కకు కట్టారు.

మూడవది, పంకాను, దాని నట్టును విప్పి వేరుగా పొట్లం కట్టారు. ఊడదీసిన ప్రతి స్క్రూను చిన్న కవరులో వేసి, అది ఎక్కడిదో కవరు మీద వ్రాశారు. ఒకే తీరున కనబడే వైర్లకు రెండువైపులా ఒకే రంగు దారం చుట్టారు. విప్పుతూ ప్రతి మెట్టునూ ఫోటో తీశారు. అందుకునేవాడు బిగించలేకపోతే క్షేమంగా చేరి కూడా ప్రయోజనం లేదు కదా!

నాలుగవది ముఖ్యమైనది. విమానం ఒంటిలో గట్టి చోట్లు రెండు: రెక్క కూర్చునే మధ్యభాగం, ముక్కు వెనుక మోటారు బిగించిన గోడ. ఆ రెండు చోట్లకు సరిగ్గా సరిపోయేటట్లు మందపాటి ఫోము దిమ్మలను చంద్రవంక ఆకారంలో కోసి, వాటిలో విమానాన్ని ఉయ్యాలలో బిడ్డలాగా కూర్చోబెట్టారు. తోక కింద ఏమీ ఆనించలేదు. ముడిచిన చక్రాల కింద కూడా ఖాళీయే. నవారు పట్టీలతో దిమ్మలకు కట్టారు. విమానంలోని ఏ భాగమూ పెట్టె గోడకు రెండంగుళాల లోపుకు రాలేదు. కడియపులంక నర్సరీలవారు మొక్క కొమ్మలను కాక, వేరు దగ్గరి మట్టిముద్దనే గోనెపట్టాతో బిగించి కట్టడం మీరు చూసే ఉంటారు. ఆ నియమమే ఇది.

ఐదవది, ఊడదీసిన రెక్కలను, తోక పలకలను ఒక్కొక్కటి పల్చని ఫోములో చుట్టి, మధ్య అట్టముక్క పెట్టి, ఒకదానికొకటి రాసుకోకుండా పక్కగోడలకు కట్టారు. "ఇదేరా ఆకు పరచటం" అన్నారు తండ్రి. అది ఆగస్టు నెల. గోదావరి గాలికి అట్టపెట్టె మెత్తబడుతుంది, సన్నకర్ర ఉబ్బుతుంది. కనుక అంతటినీ పెద్ద పాలిథీను సంచిలో పెట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు నాలుగు వేశారు. పెట్టె కూడా ఐదు పొరలది తెచ్చారు.

చివరగా తండ్రి చేసిన పరీక్ష చెప్పాలి. విమానం పెట్టకముందు, ఉయ్యాలలో రెండున్నర కిలోల ఇసుక మూటను, దానిపైన ఆరు కోడిగుడ్లను గుడ్డలో చుట్టి కట్టారు. మూత వేసి, మోకాటి ఎత్తు నుండి పెట్టెను నాలుగు వైపులా పడవేశారు. ఒక గుడ్డు పగిలింది. "ఆ మూల ఫోము చాలదు" అని అక్కడ మరొక ముక్క చేర్చి మరల పడవేశారు. ఈసారి ఒక్కటీ పగలలేదు. ఆ రాత్రి వారింట గుడ్ల కూరే.

బ్యాటరీ, కొలత

రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది బ్యాటరీ. ఈ విమానాల్లో వాడేవి లిథియం బ్యాటరీలు. నలిగినా, చిల్లుపడినా మంట పుట్టే ప్రమాదముంది. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016 ఏప్రిల్ 1 నుండి నిషేధించింది. సరుకు విమానాల్లో పంపినా చార్జి 30 శాతం మించకూడదు. కావున మన అబ్బాయి బ్యాటరీ పంపనేలేదు. దాని రకం వ్రాసి పంపితే, పూణేలో ఆయనే కొనుక్కున్నాడు. మీ పిల్లలు పాత ఫోనులు, టార్చిలైట్లు పార్శిలు చేసేటప్పుడు కూడా ఈ సంగతి ముందుగా అడిగి తెలుసుకోండి. చెప్పకుండా లోపల దాచి పంపడం తోటివారి ప్రాణాలతో ఆటలాడటమే.

రెండవది కొలత. తేలికైన పెద్ద పెట్టెకు చాలా కొరియర్లు బరువును బట్టి కాక, అది ఆక్రమించే చోటును బట్టి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం విమానమార్గంలో సాధారణంగా ఉన్న లెక్క. మా మొదటి పెట్టె 120, 40, 47. ఆ లెక్కన 45 కిలోలు! కాళ్లు ముడిచాక ఎత్తు 35కు తగ్గింది. అప్పుడు 33.6 కిలోలు. కాళ్లు ముడవడం వలన విమానం దక్కడమే కాదు, పదకొండు కిలోలకు పైగా చార్జీ కూడా మిగిలింది.

ఈ జాగ్రత్తలు బొమ్మలకే అనుకోకండి. భారత నౌకాదళపు టీయూ-142 విమానం 2017 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో చివరిసారి దిగింది. 53 మీటర్ల పొడవు, 50 మీటర్ల రెక్కలు గల ఆ మహాకాయాన్ని భాగాలుగా ఊడదీసి, రోడ్డుమీద సముద్రతీరానికి చేర్చి, అక్కడ మరల బిగించారు. అదే సంవత్సరం డిసెంబరులో ప్రదర్శనశాలగా ప్రారంభమైంది. విశాఖ వెళ్లినవారు నేడు దాని లోపలికి ఎక్కి చూడవచ్చు. 2022 నవంబరులో మరొకటి జరిగింది. హోటలుగా మార్చడానికి కొచ్చి నుండి హైదరాబాదుకు ట్రైలరు మీద తెస్తున్న పాత విమానం బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర వంతెన కింద ఇరుక్కుపోయింది. రెక్కలు ఊడదీసిన తరువాత కూడా దారి ఎత్తుకూ, సరుకు ఎత్తుకూ లెక్క కుదరాలి. చుట్టుపక్కల జనమంతా పిల్లలతో వచ్చి చూశారు.

కాళ్లు దిగాయా?

రెండవసారి పెట్టె వెళ్లిన ఎనిమిదవ దినాన ఫోను వచ్చింది. అప్పటికి ఆ ఇంటిలో ఎవరికీ సరిగా నిద్రలేదు. అబ్బాయి స్పీకరు పెట్టాడు. పూణే పెద్దమనిషి హిందీలో ఏదో సంతోషంగా చెబుతున్నాడు. తండ్రికి హిందీ రాదు. ఆయన అడిగింది ఒక్కటే: "కాళ్లు దిగాయా, అడుగు."

కొద్దిసేపటికి వీడియో వచ్చింది. టేబులు మీద విమానాన్ని రెండు ఇటుకల మధ్య ఎత్తిపట్టి, ఆయన రిమోటు మీట నొక్కాడు. తలుపులు తెరుచుకున్నాయి. మొదట ముక్కు కాలు, వెనుక రెండు కాళ్లు మెల్లగా దిగి, టక్కున నిలిచాయి. తండ్రి ఆ వీడియోను నాలుగుసార్లు పెట్టించుకొని చూశారు. మరుసటి దినం మార్కెట్టులో తోటి హమాలీలందరికీ చూపించారని తరువాత తెలిసింది. మిగిలిన 11,000 రూపాయలు వచ్చాయి. ఫీజు బాకీ తీరింది. కువైట్ మాట మరల వినబడలేదు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు చేసే పని మీకు బొమ్మలాగా కనబడవచ్చు. ఒకసారి పక్కన కూర్చొని చూడండి. మీ చేతిపనిలో నేర్చినది ఏదో వారికి అక్కరకు వస్తుంది. యౌవనస్థులారా, ఇంటర్నెట్టులో వెదికే ముందు, మార్కెట్టు నుండి అలసి వచ్చిన మీ నాన్నగారిని ఒక మాట అడగండి. ఇక నావంటి పెద్దలకు ఒక మనవి: తెలియని సంగతిలో సలహా అడిగినప్పుడు, "నాకు తెలియదు నాయనా, తెలిసినవారిని అడుగుదాం" అనడం నేర్చుకుందాం. ఆ ఒక్క మాట నేను జూలైలో అని ఉంటే, ఒక కుటుంబం నెలరోజుల దిగులు పడి ఉండేది కాదు.

ఈ సంవత్సరం ఆ అబ్బాయి మరొక విమానం కడుతున్నాడు. వరండాలో బాల్సా పొట్టు ఊడ్చేది ఇప్పుడు తండ్రే. పెట్టె ఎంత కావాలో కొలత కూడా ముందే తీసి పెట్టారు.